నాలుగు మూలలా పసుపు

మా అమ్మకు వచ్చింది ఒకే ఒక్క పువ్వు. ఎనిమిది రేకులు, నడుమ ఒక చిల్లు, రేకుల చివర ఆవగింజంత ముడులు. కాపురానికి వచ్చిన కొత్తలో మా నాయనమ్మ ఆమె చేతికి కొక్కెం ఉన్న లేసు సూదీ తెల్ల దారమూ ఇచ్చి ఆ పువ్వు నేర్పింది. ఆ తరవాత ఇరవై ఏళ్ళు అమ్మ అదే అల్లింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే అల్లేది, పలకరింపుకు వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ అల్లేది, నన్ను తిట్టేటప్పుడు మాత్రం కాస్త బిగించి అల్లేది. ఏ పువ్వు ఏ రోజుదో బిగువును బట్టి నేను చెప్పగలిగేదాన్ని. గుమ్మంలోంచి ఎవరైనా "ఏం చేస్తున్నారండీ?" అంటే, "ఏం లేదండి, ఖాళీగానే ఉన్నాను, రండి" అనేది. సూది మాత్రం ఆగేది కాదు.

నరసాపురానికి బస్సులో ముప్పావు గంట దూరం మా ఊరు. మా వీధిలో పదకొండు ఇళ్ళు, పదకొండిళ్ళలోనూ లేసు పని. అయితే ఇంటికొక ముక్క. మా ఇంట్లో పువ్వు, ఎదురింట్లో ఆకు, వీధి చివరి ఇంట్లో అంచు. ఎవరి ముక్క వాళ్ళదే. పక్కవాళ్ళది నేర్చుకోవాలని ఎవరికీ తోచేది కాదు, తోచినా ఉపయోగం లేదు. నెలకు రెండుసార్లు ఏజెంటు గారు మోపెడ్ మీద వచ్చి దారం ఇచ్చి, అల్లిన ముక్కలు పట్టుకెళ్ళేవారు. వాటిని కాలవ అవతల ఇంకో ఊళ్ళో అతికించి, పెద్ద గుడ్డ చేయించి, నరసాపురంలో లేసు కంపెనీకి ఇచ్చేవారు. అక్కణ్ణించి అది ఓడెక్కి ఏ దేశానికో పోయేదట. ఆ గుడ్డ ఎలా ఉంటుందో మా వీధిలో ఒక్కరూ చూడలేదు.

ఒకసారి అమ్మ ఆయన్ని అడిగింది కూడా. "మొత్తం అతికేశాక ఎలా ఉంటదండీ?"

"మీకెందుకమ్మా ఆ తలనొప్పి. మీ పువ్వు మీరు చక్కగా అల్లండి, చాలు" అన్నారాయన. మంచిగానే అన్నారు. ఆయన మా వీధిలో ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడి ఎరగరు.

మావి ఆడవాళ్ళు పొలం పనికి వెళ్ళని ఇళ్ళు. అంటే ఉన్నవాళ్ళమని కాదు. నాన్న ఎకరంన్నర కౌలుకు చేసేవాడు, ఆ రోజుల్లో వరసగా రెండేళ్ళు వానాకాలం సార్వా పంట నీట మునిగింది. మా వీధి వెనక పేట నుంచి ఊడ్పులకూ కలుపులకూ వెళ్ళే ఆడవాళ్ళ ఒక రోజు కూలి, అమ్మ మూడు రోజుల పువ్వులకు వచ్చేదానికంటే ఎక్కువే. ఈ సంగతి అమ్మకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయినా వాళ్ళు అమ్మను "అమ్మగారూ" అని పిలిచేవాళ్ళు, అమ్మ గుమ్మం లోపలి నుంచి పలికేది. మా ఇళ్ళలో పరువు అటక మీది ఇత్తడి గుండిగ లాంటిది. అందులో వండటానికి బియ్యం ఉండవు, దించి అమ్మడానికి మనసొప్పదు.

తొంభైల చివర్లో ఊరూరా మహిళా సంఘాలు పెడుతున్నారు. మండలం ఆఫీసు నుంచి మా ఊరికీ ఒక ఆఫీసరమ్మ వచ్చారు. మా వీధి ఆడవాళ్ళు స్కూలు దాకా రారని తెలిసి, ఆవిడే మా వసారాలోకి వచ్చి కూర్చున్నారు. పేదరికం పోవాలంటే ఆడవాళ్ళ చేతికి పని రావాలన్నారు. అందరూ తలలూపారు, ఒళ్ళో సూదులు ఆడిస్తూనే. ఆవిడ కాసేపు ఆ చేతుల వంక చూసి, "మరి మీరు చేస్తున్నదేంటండీ?" అన్నారు.

"ఇదాండీ? ఇది ఊరికేనండి, తోచక" అంది చివరింటావిడ.

ఆఫీసరమ్మ నవ్వలేదు. ఆవిడ మీద నాకు గౌరవం కలగడానికి అదొక కారణం. అమ్మ అల్లిన పువ్వు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మీలో ఎవరికైనా ముక్కలన్నీ అతికి మొత్తం గుడ్డ చెయ్యడం వచ్చా?" అని అడిగారు. కాసేపటికి ఎదురింటి పిన్ని, "అతుకు నాకొచ్చండి" అంది నేల చూస్తూ.

అందరం ఆమె వంక తిరిగాం. ఆమె పుట్టిల్లు కాలవ అవతల, ఆ అతుకులు వేసే ఊరే. పెళ్ళికి ముందు ఆమె చేసిన పని అదే. మా వీధికి కోడలిగా వచ్చాక ఇంటివాళ్ళ ముక్క ఆకు కాబట్టి ఆకు నేర్చుకుని, పన్నెండేళ్ళుగా ఆకే అల్లుతోంది.

"ఎప్పుడూ చెప్పలేదేంటే?" అంది అమ్మ.

"ఎవరడిగారక్కా?" అంది పిన్ని.

ఆఫీసరమ్మ ఊరికే ఉపన్యాసం ఇచ్చి పోయే రకం కాదు. రెండు వారాలు తిరక్కుండానే నరసాపురంలో ఇంకో కంపెనీతో మాట్లాడి వచ్చారు. ముందు ఒక టేబుల్ క్లాతు అల్లి ఇవ్వాలి. అది నచ్చితే దారం నేరుగా మా వీధికే పంపుతారు, గుడ్డలు నేరుగా మా దగ్గరే తీసుకుంటారు, మధ్యలో ఎవరూ ఉండరు. "ఒప్పుకుంటారా మరి?" అంటే, అందరికంటే ముందు ఊఁ అన్నది మా అమ్మ. ఎందుకన్నావని తరవాత అడిగితే, "ఆ గుడ్డ ఎలా ఉంటదో చూద్దామనిపించిందే" అంది. నాకు తెలిసి ఆమె తన కోసం కోరుకున్నది అదొక్కటే.

కంపెనీవాళ్ళు దారంతోపాటు ఒక కాగితం ఇచ్చారు, ఇంగ్లీషులో. వీధిలో ఇంగ్లీషు వచ్చిన పిల్లను నేను. ఇంటర్లో ఆ పేపరు నాకు రెండోసారికి గట్టెక్కిన సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు. గొంతు సవరించుకుని చదివి చెప్పాను. కొలత ఇంత ఉండాలి, దారం కొసలు కనపడకూడదు, తెల్లగా ఉండాలి, మరకలూ గుర్తులూ ఏవీ ఉండకూడదు.

"మరకలెందుకుంటాయే, మేమేమన్నా చంటిపిల్లలమా?" అంది చివరింటావిడ. కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టేశాం.

ఆ వారమే ఏజెంటు గారు వచ్చారు. సంగతి ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. కేకలేస్తారేమో అనుకున్నాం. వెయ్యలేదు. ఉన్న ముక్కలు తీసుకున్నారు, ఇవ్వాల్సింది ఇచ్చారు, దారం సంచి విప్పకుండానే మళ్ళీ మోపెడ్‌కు కట్టుకున్నారు. "మీకు ఇంకో దారి దొరికిందిగా అమ్మా, సంతోషం" అని వెళ్ళిపోయారు. పదకొండిళ్ళలో ఒక్క ఇంటికీ దారం ఇవ్వలేదు.

అప్పుడు అర్థమైంది అందరికీ. గుడ్డ నచ్చితే పని ఉంటుంది. నచ్చకపోతే వీధి మొత్తం ఖాళీ, ఈసారి నిజంగానే ఖాళీ. మొదట ఊఁ అన్నది అమ్మ కాబట్టి, వచ్చి కూర్చున్న ప్రతి ఆడమనిషీ ఏదో ఒక మాట మధ్య, "నువ్వున్నావనే కదా అక్కా" అని వెళ్ళేది. అది ధైర్యమో దెప్పో తెలిసేది కాదు. అమ్మకు అన్నం సయించడం మానేసింది.

అల్లడం మొదలయ్యాక తెలిసిన సంగతి ఏమిటంటే, పిన్ని లాంటి కఠినమైన మేస్త్రి తాపీ పనిలో కూడా దొరకదు. పన్నెండేళ్ళు నోరు మెదపని మనిషి. అతుకుకు కూర్చున్నాక ముక్క ముక్కనూ ఒళ్ళో పరిచి, వేళ్ళతో లాగి చూసి, నచ్చకపోతే వెనక్కి విసిరేసేది. ఒకరోజు అమ్మ పువ్వులు నాలుగు పక్కన పెట్టింది. "అక్కా, నిన్న పిల్లను తిట్టావా? ఈ నాలుగూ బిగిసిపోయినయ్. విప్పెయ్" అంది. అమ్మ నా వంక గుర్రుగా చూసింది కానీ ఏమీ అనలేదు. తిడితే ఇంకో నాలుగు విప్పాల్సి వస్తుంది. గుడ్డ పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నెలన్నర, ఆమె నన్ను తిట్టలేదు. ఆ ఇంట్లో నేను అంత ప్రశాంతంగా గడిపిన కాలం ఇంకోటి లేదు.

శ్రావణ శుక్రవారం నాడు గుడ్డ పూర్తయింది. సోమవారం కంపెనీకి ఇవ్వాలి. మా వీధిలో టేబులు లేదు. రెండు నులక మంచాలు కలిపి, మీద ఉతికిన దుప్పటి పరిచి, దాని మీద గుడ్డ పరిచాం. పొద్దున్నే తలంట్లు పోసుకుని, కాళ్ళకు పసుపు రాసుకుని ఉన్న ఆడవాళ్ళంతా మంచాల చుట్టూ నిలబడ్డారు. ఒక్కొక్కరూ వంగి తమ ముక్క ఎక్కడుందో వెతుక్కున్నారు. ఆకులు తీగలై మధ్యకు పాకాయి. అంచు చుట్టూ తిరిగొచ్చింది. అమ్మ పువ్వులు వరసలుగా ఉన్నాయి, అన్నిటికంటే పెద్ద గుత్తులు నాలుగు మూలల్లో ఉన్నాయి.

"నా పువ్వు మూలల్లో ఉంటదా!" అంది అమ్మ. ఇరవై ఏళ్ళ తరవాత.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

అప్పుడు అమ్మ, "పసుపు తేవే" అంది. నేను లోపలికి వెళ్ళి, పూజకు తడిపిన పసుపు గిన్నె తెచ్చి ఇచ్చాను. మా ఇళ్ళలో కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఎవరూ కట్టుకోరు. పంచె అయినా, పరికిణీ అయినా, చంటిబిడ్డ చొక్కా అయినా, ఒక మూల కాస్త పసుపు తగలాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. అమ్మ ఉంగరపు వేలు ముంచి నాలుగు మూలలా, ఒక్కో గుత్తిలో నడిమి పువ్వు రేకుల మీద, నాలుగు బొట్లు పెట్టింది. అందరూ కళ్ళకద్దుకున్నారు. చివరింటావిడ అక్షింతలు కూడా వేసింది. పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళు, కాగితం చదివిన నేను, ఒక్కరికీ ఏమీ తోచలేదు. మరక అంటే కూర మరక, బురద మరక, అరటి జిగురు మరక. పసుపు మరక ఎలా అవుతుంది?

సాయంత్రం దీపాల వేళ కంపెనీ ఎక్కడుందో చూసుకుందామని ఆ కాగితం మళ్ళీ తీశాను. ఆ వాక్యం దగ్గర నా చూపు ఆగింది. రెండోసారి చదివాను. అమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"పసుపు మరకేంటే, నీ మొహం" అంది అమ్మ. తర్వాత చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది. "ఆ దేశం వాళ్ళకి తెలవదు కదా" అంది నెమ్మదిగా.

ఈలోగా మా మాటలు విని వచ్చిన పిన్ని గుడ్డ మూల ఒకటి పట్టుకుని దొడ్లోకి పరిగెత్తింది. మేం వెళ్ళేసరికి బట్టల సబ్బు పెట్టి రుద్దేసింది. పసుపు కాస్తా ఎర్రబడింది. పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపని, పెళ్ళికూతురు కాళ్ళకు పారాణి అలాగే కలుపుతారని, సబ్బు తగిలినా అంతేనని ఆమెకు తెలియక కాదు. చెయ్యి తలకంటే ముందు వెళ్ళింది. గోరుచుట్టు మీద రోకటి పోటు. పిన్ని అక్కడే గచ్చు మీద కూలబడి ఏడ్చింది. "నేనే చెడగొట్టేశానక్కా, నేనే" అంటూ.

"పెట్టింది నేను, తెచ్చింది ఇది, రుద్దింది నువ్వు. ఇంక ఏడ్చేవాళ్ళు మిగల్లేదు, లే" అంది అమ్మ.

ఆ పువ్వు విప్పి కొత్తది అతుకుదామంటే దారం అయిపోయింది. ఇళ్ళలో మిగిలిన ఏజెంటు గారి దారం ఆ తెలుపు కాదు. అమ్మ ఆలోచించి, "నిమ్మకాయ కోసుకురా" అంది. పిండితే ఎరుపు తిరిగి పసుపైంది. అక్కడికి ఒక మెట్టు దిగాం. ఇంక మిగిలింది ఎండ. పసుపు చీరను ఎండలో ఆరేస్తే వెలిసిపోతుందని మా ఇళ్ళలో నీడన ఆరేస్తారు. ఆ జాగ్రత్త ఇప్పుడు తిరగేసి చెయ్యాలి. ఉన్నది శని, ఆదివారాలు. శ్రావణం మబ్బులు.

శనివారం పొద్దున మా దొడ్లో మంచం వేసి, మూలలు తడిపి, గుడ్డ పరిచాం. మా దొడ్లో ఆరు కొబ్బరిచెట్లు. ఎండ వచ్చేదే తక్కువ, వచ్చినది మట్టల నీడలో చిక్కుకునేది. మంచం జరిపాం. నీడ వెంట పడింది. మళ్ళీ జరిపాం. జరుపుతూ జరుపుతూ వీధి గుమ్మం దాకా వచ్చేశాం. వీధిలో రెండువైపులా మళ్ళీ కొబ్బరిచెట్లే. పిన్ని అంది, "అక్కా, నీడ లేనిది కాలవ గట్టేనే."

అమ్మ కాసేపు గడప మీద నిలబడింది. కాలవ గట్టు అంటే ఊళ్ళో మగవాళ్ళంతా సైకిళ్ళ మీద తిరిగే దారి, టీ బడ్డీ, బస్సు ఆగే చోటు. ఏదైనా శుభకార్యానికి తలొంచుకుని ఆ దారిన బస్సెక్కడం తప్ప, మా వీధి ఆడవాళ్ళు అక్కడ ఆగింది లేదు. అమ్మ కొంగు నడుముకు దోపుకుని, "పట్టండి" అంది. నలుగురు నాలుగు కోళ్ళూ పట్టుకున్నారు. నేను గుడ్డ చేతుల మీద మోసుకుంటూ వెనక నడిచాను.

గట్టు మీద మంచం వేసి కూర్చున్నాం. టీ బడ్డీ దగ్గర మాటలు ఆగిపోయాయి. కలుపుకు పోతున్న పేట ఆడవాళ్ళు వరసలో ఆగారు. వాళ్ళలో ముందు నడిచే పెద్దావిడ, "ఏంటండి అమ్మగారూ, మంచాన్ని షికారుకి తీసుకొచ్చారా?" అంది. అందరూ గొల్లుమన్నారు. మామూలుగా అయితే అమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది. అక్కడ వేసుకోవడానికి తలుపు లేదు.

"పసుపు అంటిందమ్మా, పోగొట్టాలి" అంది.

ఆవిడ దగ్గరికొచ్చి, ముట్టుకోకుండా వంగి చూసింది. నవ్వు ఆపేసింది. "ఇదంతా చేత్తో అల్లారా అండి? మీరేనా?" అంది. "ఎండలో పడుండనియ్యండి. ఆరిపోతే మళ్ళీ తడపండి. తడి మీదైతే తొందరగా పోద్ది" అని చెప్పి, కొంచెం ఆగి, "మబ్బొచ్చినా తియ్యకండేం" అని వెళ్ళింది. అది మంచి సలహా. అమ్మ ఆమెతో గుమ్మం అడ్డం లేకుండా మాట్లాడటం నేను చూసింది అదే మొదలు.

మధ్యాహ్నం ఏజెంటు గారు మోపెడ్ మీద అటుగా వెళ్తూ ఆగారు. గుడ్డనూ మూలలనూ చూశారు. అడక్కుండానే అర్థం చేసుకున్నారు.

"ఇదుగో, ఇందుకేనమ్మా మీ చేతికి మొత్తం గుడ్డ ఇవ్వనిది" అన్నారు.

అబద్ధం. ఆయన ఇవ్వకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. కానీ ఆ అబద్ధానికి సాక్ష్యం ఎదురుగానే పరిచి ఉంది, నాలుగు మూలలా. పిన్ని తల దించుకుంది. అమ్మ లేచి నిలబడింది.

"ఇరవై ఏళ్ళ కిందట చూపించుంటే, ఈ తప్పేదో అప్పుడే చేసి ఊరుకునేవాళ్ళం కదండీ" అంది.

గట్టిగా అనలేదు. "అండీ" కూడా మానలేదు. ఆయన మోపెడ్ స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు. అమ్మ కూర్చుని మళ్ళీ గుడ్డ మీద నీళ్ళు చిలకరిస్తూ ఉంది.

ఆదివారం అదృష్టం కొద్దీ ఎండ కాసింది. కాసిందంటే మామూలుగా కాదు, పొద్దున తొమ్మిదికే నెత్తి మాడిపోయింది. ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు, అమ్మ మాత్రం కదల్లేదు. పదకొండు గంటలప్పుడు నాన్న సైకిలు మీద వచ్చాడు. శనివారం అంతా ఆయన గట్టు వైపే రాలేదు. టీ బడ్డీ దగ్గర ఎవరేమన్నారో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. సైకిలు స్టాండు వేసి, హ్యాండిలుకు తగిలించిన నల్ల గొడుగు తీసి విప్పి అమ్మ మీద పట్టాడు.

"వద్దండి, గుడ్డ మీద నీడ పడుద్ది" అంది అమ్మ.

నాన్న ఇటు జరిగాడు, అటు జరిగాడు. చివరికి నీడ అమ్మ మీద పడి గుడ్డ మీద పడని చోటు ఒకటి దొరికింది. ఎండ కదిలినప్పుడల్లా తనూ ఒక అడుగు కదులుతూ అలాగే నిలబడ్డాడు, అన్నం వేళ దాకా. ఆయన జీవితంలో అమ్మకు చెప్పిన ప్రేమ మాటలేవీ నేను వినలేదు. ఇది చూశాను.

సాయంత్రానికి మూడు మూలలు తెల్లబడ్డాయి. సబ్బు తగిలిన నాలుగోది పూర్తిగా తెల్లబడలేదు. వెన్న రంగు మిగిలింది. తెలిసి వెతికితే కనిపిస్తుంది, తెలియకపోతే లేదు. తెలియనివాళ్ళు చూడాలని మొక్కుకున్నాం.

సోమవారం అమ్మా పిన్నీ నేనూ నరసాపురం బస్సెక్కాం. కంపెనీలో గుడ్డలు తనిఖీ చేసే ఆవిడ ఒకరు పొడుగాటి టేబులు వెనక ఉన్నారు. కళ్ళజోడు, కాటన్ చీర, చేతికి గాజులకు బదులు వాచీ. ఆవిడ మా గుడ్డ విప్పి టేబులు మీద పరిచారు. మేం అల్లిన టేబుల్ క్లాతు టేబులు మీద ఎలా ఉంటుందో అప్పుడు చూశాం. అంచు నాలుగువైపులా కిందికి జారి నిలిచింది. ఆ క్షణంలో భయం కూడా మర్చిపోయాను.

ఆవిడ వేలు అంచు వెంట నడిచింది. మొదటి మూల దాటింది, రెండోది దాటింది, మూడోది దాటింది. నాలుగో మూల దగ్గర ఆగింది. పిన్ని నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దింపింది. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆ పువ్వును చూశారు, తర్వాత టేబులు అవతల మా అమ్మ చేతులను చూశారు. రెండు రోజులు నిమ్మకాయ పిండి, తడిపి, ఎండలో ఉన్న చేతులు, గోళ్ళ చుట్టూ ఇంకా శుక్రవారం పసుపు.

"ఈ పువ్వు ఎవరల్లారండి?"

"నేనేనండి" అంది అమ్మ.

"చెయ్యి సమంగా ఉంది" అన్నారావిడ. గుడ్డను ఆ మూల లోపలికి పోయేలా మడిచారు. "కబురు చేస్తాం" అన్నారు.

అంతే. నచ్చిందని చెప్పలేదు, నచ్చలేదని చెప్పలేదు. తిరుగు బస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ తరవాత పన్నెండు రోజులు మా వీధిలో ఏ ఇంట్లోనూ సూది ఆడలేదు. ఆడవాళ్ళు ఒట్టి చేతులతో వసారాల్లో కూర్చున్నారు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకు తెలియలేదు. ఎవరూ అమ్మను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదని అమ్మ అనుకుందని నాకు తెలుసు. రెండుసార్లు, గిన్నెలు తోముతూ, "వాళ్ళందరి నోటి దగ్గర కూడు నేనే తీశానే" అంది. ఆ పసుపు గిన్నె తెచ్చింది నేనే కదా.

పదమూడో రోజు ఆఫీసరమ్మ జీపు వచ్చింది. వెనక సీట్లో రెండు గోనెసంచులు. దించితే బరువుగా ఉన్నాయి. విప్పాం. దారం. రెండు సంచుల నిండా తెల్లటి దారం చుట్టలు. పైన మళ్ళీ అదే ఇంగ్లీషు కాగితం. అమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని నాకిచ్చింది. "ఈసారి నెమ్మదిగా చదువు. ఒక్క ముక్క వదలొద్దు" అంది.

నెమ్మదిగా చదివాను. కొలత. కొసలు. తెలుపు. మరకలు ఉండకూడదు. అచ్చు అక్షరాలు అక్కడితో అయిపోయాయి. అట్టడుగున, నీలం పెన్నుతో, గుండ్రటి తెలుగు చేతిరాతలో ఒక ముక్క అదనంగా ఉంది. అదీ చదివాను.

"దయచేసి పసుపు పెట్టకండి."

అమ్మ చాలాసేపు ఆ కాగితం వంకే చూసింది. ఆమెకు చదవడం రాదు.

"అంటే కనపడిందన్నమాట" అంది.

"కనపడిందమ్మా" అన్నాను.

"కనపడినా తీసుకున్నారన్నమాట."

అప్పుడు ఏడ్చింది మా అమ్మ. సబ్బు మూల చూసి ఏడవలేదు, గట్టు మీద ఏడవలేదు, పన్నెండు రోజుల్లోనూ ఏడవలేదు. పిన్ని వచ్చి పక్కన కూర్చుని, "అక్కా, ఏడుస్తూ అల్లకు, బిగిసిపోద్ది" అంటే, అందరికీ నవ్వొచ్చింది.

అమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. పసుపు గిన్నె తెమ్మంది. తేవాలా వద్దా అని నేను నిలబడిపోతే, "తేవే, గుడ్డకు కాదులే" అంది. లేసు సూది వెనక చివర, దారం తగలని చోట, చిన్న బొట్టు పెట్టింది. తర్వాత నూతి దగ్గరికి వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, గోళ్ళ సందుల్లో కూడా రుద్దుకుని, తుడుచుకుని వచ్చి కూర్చుంది. అప్పుడే వీధిలో ఎవరో, "ఏం చేస్తున్నారండీ?" అని పలకరిస్తూ లోపలికి వచ్చారు.

"పనిలో ఉన్నానండి, కూర్చోండి" అంది అమ్మ.